నత్తి పిల్లాడు, అరవై సెకన్లు

మా ఇంగ్లీష్ ల్యాబ్‌లో ఒక స్టీలు టిఫిన్ గిన్నె ఉండేది. హాస్టల్ ఖాళీ చేస్తూ ఎవరో వదిలేసి వెళ్లింది. మూత లేదు. అందులో మడతపెట్టిన చీటీలు వేసి టేబుల్ మీద పెట్టేదాన్ని. పిల్లలు రోల్ నంబర్ వరసన వచ్చి చీటీ తీసి, అందులో ఏముంటే దాని గురించి ఒక నిమిషం ఇంగ్లీషులో మాట్లాడాలి. మధ్యలో ఆగకూడదు, అన్న మాట మళ్ళీ అనకూడదు, విషయం వదిలి పక్కదారి పట్టకూడదు. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, పదికి ఎన్నో కొన్ని మార్కులు వేసి, తర్వాతి నంబర్ పిలిచేదాన్ని.

దీన్నే జామ్ అంటారు. జస్ట్ ఎ మినిట్‌కి పొట్టి పేరు. మా పిల్లలు 'జామకాయ రౌండ్' అనేవాళ్లు. మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాళ్లలో ఇది తెలియనివాళ్లు తక్కువ. జేఎన్‌టీయూ ల్యాబ్ సిలబస్‌లో ఉంది, క్యాంపస్ సెలక్షన్లలో ఉంది, కాలేజీ ఫెస్టుల్లో ఉంది. ఎంతమందికి దాని పేరు చెబితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుందో కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఆ తిప్పుడుకి కారణమైనవాళ్లలో నేనూ ఉన్నాను.

ఒకసారి పాలమూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడికి 'మై విలేజ్' అన్న చీటీ వచ్చింది. అదృష్టవంతుడు అనుకున్నాను, వాడి ముందువాడికి 'గ్లోబలైజేషన్' వచ్చింది మరి. "మై విలేజ్ ఈజ్..." అన్నాడు. మళ్ళీ "మై విలేజ్ ఈజ్..." అన్నాడు. పదకొండో సెకనుకి ఆగిపోయాడు. చెమటకి చీటీ తడిసి వేలికి అంటుకుంది. "మేడమ్, మళ్ళీ స్టార్ట్ చెయ్యనా?" అని తెలుగులో అడిగాడు. రూలు రూలే కదా అని నేను స్టాప్‌వాచ్ ఆపలేదు. మిగిలిన 49 సెకన్లూ వాడు నిలబడే ఉన్నాడు, నేను అంకెలు మారడం చూస్తూ కూర్చున్నాను. 2 మార్కులు వేశాను. ఆ రెండూ ఎందుకు వేశానో కూడా తెలియదు.

సాయంత్రం కాలేజీ బస్సు కోసం నిలబడితే వెనక షెడ్డు కింద వాడి గొంతు వినపడింది. చుట్టూ నలుగురైదుగురు. "మా ఊరికి బస్సు ఎనకకే వస్తదిరా. తిప్పుకునేతందుకు జాగ లేదు. కమాన్ కాడ్నే తిప్పుకొని, ఆడికెళ్ళి అర కిలోమీటరు ఎనకకే. కండక్టర్ దిగి ఈలేస్కుంట నడుస్తడు. బర్రెలకు గుడ అలవాటైంది, ఏదన్న బండి ముందుకొస్తే బెదురుతున్నయ్." పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. ఎక్కడా ఆగలేదు, పక్కదారి పట్టలేదు. నిమిషం ఎప్పుడో దాటిపోయింది.

దీని గురించి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సి రావడానికి కారణం ఒక ఇంగ్లీషు ముసలాయన.

2020 జనవరి చివర్లో మా ఆడపడుచు కూతురు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. వాళ్లు ఇంగ్లండ్‌లో ఉంటారు. చక్కగా దువ్విన తెల్లజుట్టు, మంచి కోటు, మెడలో టై, పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషిలా నవ్వుతున్నాడు. "అత్తా, మీరు కాలేజీలో ఆడించే ఆట ఈయనదే. ఇవాళ పోయారు. ఇక్కడ అందరూ ఇంట్లో తాతయ్య పోయినట్టు మాట్లాడుకుంటున్నారు" అని రాసింది. ఆయన పేరు నికొలస్ పార్సన్స్. నటుడు, రేడియో వ్యాఖ్యాత. 96 ఏళ్లు.

నిజం చెప్పొద్దూ, అంతవరకు ఆ ఆటకి ఒక పుట్టుక ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. సిలబస్ కమిటీ వాళ్లు పెట్టి ఉంటారు అనుకున్నాను. ఆ రాత్రి ఒక పాత ఎపిసోడ్ విన్నాను. తర్వాత ఇంకోటి. ఆ పైన వచ్చిన లాక్‌డౌన్ నెలలన్నీ కూరగాయలు తరుగుతూ అవే విన్నాను. వింటున్నకొద్దీ సిగ్గేసింది. మేం ఆడిస్తున్నది ఆ ఆట కానే కాదు.

ముందు ఆట పుట్టుక చెప్తాను, అది తెలిస్తేనే నా బాధ అర్థమవుతుంది. ఇయాన్ మెసిటర్ అని ఒక రేడియో రచయిత. ఇంగ్లండ్‌లో షెర్బోర్న్ అనే స్కూల్లో చదివేటప్పుడు ఒకరోజు క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో లోకంలో ఉన్నాడు. పెర్సివల్ ప్యారీ జోన్స్ అనే మాస్టారు పట్టుకున్నారు. ఇప్పటిదాకా నేను చెప్పిందంతా ఒక నిమిషంపాటు తడబడకుండా, అన్నది మళ్ళీ అనకుండా చెప్పు అన్నారు. పెద్దయ్యాక ఎప్పుడో లండన్‌లో 13వ నంబర్ డబుల్ డెక్కర్ పై అంతస్తులో వెళ్తుంటే మెసిటర్‌కి ఆ శిక్ష గుర్తొచ్చింది, దాన్ని ఆటగా మార్చాడు. 1950ల మొదట్లో ఇదే ఆలోచనతో 'వన్ మినిట్ ప్లీజ్' అనే కార్యక్రమం బీబీసీలో వచ్చింది. దాన్నే మెరుగుపరిచి 1967లో 'జస్ట్ ఎ మినిట్' చేశాడు.

అంటే శిక్షగా మొదలైనదాన్ని ఒక మనిషి ఆటగా మార్చాడు. అది సముద్రాలు దాటి మా ల్యాబ్‌కి వచ్చేసరికి మేం దాన్ని భద్రంగా మళ్ళీ శిక్షగా మార్చి పెట్టుకున్నాం. పాతికేళ్ల ఉద్యోగంలో నాకు తెలిసినంతలో మన చదువులకు ఈ పనిలో మంచి అనుభవం ఉంది.

ఇక పార్సన్స్ సంగతి. 1923 అక్టోబర్ 10న గ్రాంథమ్ అనే ఊళ్లో పుట్టాడు. మార్గరెట్ థాచర్‌ది కూడా ఆ ఊరే. తండ్రి డాక్టరు. పిల్లాడికి నత్తి, దానికి తోడు అక్షరాలు కుదురుగా కనపడని డిస్లెక్సియా. కుటుంబం లండన్ వచ్చాక సెయింట్ పాల్స్ స్కూల్లో చదివాడు. నటుడిని అవుతానంటే ఇంట్లో ససేమిరా అన్నారు. మర్యాదస్తుల ఇంట్లో పుట్టి నాటకాలేంటి అని. అప్పుడేం చేశారో తెలుసా? ఇంజనీరింగ్‌లో పెట్టారు. ఇది చదివినప్పుడు నేను గట్టిగా నవ్వాను, పక్కగదిలోంచి మావారు వచ్చి ఏమైందని అడిగారు. ఈ ఒక్క ముక్కతో ఆయన మన పిల్లల్లో కలిసిపోయాడు.

పెట్టింది కూడా మామూలు చోట కాదు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్‌లో పంపులు తయారుచేసే కంపెనీలో. యుద్ధం రోజులు, చుట్టూ ఓడలు కట్టే యార్డులు. లండన్ బడిపలుకుల డాక్టరుగారబ్బాయి ఆ కార్మికుల మధ్య ఐదేళ్లు అప్రెంటిస్‌గా పనిచేశాడు. మధ్యమధ్యలో గ్లాస్గో యూనివర్సిటీలో ఇంజనీరింగ్ క్లాసులకు వెళ్లాడు. అక్కడే మిమిక్రీ పట్టుబడింది, తోటివాళ్ల గొంతులు దించేవాడు. నత్తి ఉన్నవాళ్లు చాలామంది ఇంకొకరి గొంతుతో మాట్లాడితే తడబడరు, పాట పాడితే తడబడరు. మా కాలేజీలో కూడా ఒకబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పమంటే అర నిమిషం పట్టేది, సినిమా డైలాగు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. పార్సన్స్‌కి కూడా ఆ దారే దొరికిందని నా ఊహ. క్యారల్ లెవిస్ అని కొత్త ప్రతిభను వెతికిపట్టి రేడియోలో పరిచయం చేసే ఆయన కంటపడి, మిమిక్రీ కళాకారుడిగా మైకు ముందుకు వచ్చాడు. యుద్ధం అయ్యేసరికి లండన్ నాటకాల్లో ఉన్నాడు. ఇంజనీరింగ్ అటకెక్కింది, పూర్తిగా కాదులెండి. గడియారాల పిచ్చి చివరిదాకా పోలేదు. పాతవి కొనేవాడు, విప్పేవాడు, బాగుచేసేవాడు.

గడియారం మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. విషయం వదిలినందుకు ఆట రూల్ ప్రకారం ఇక్కడ మీరు బజర్ నొక్కొచ్చు, ఆ బజర్ సంగతి తర్వాత చెప్తాను. 2016లో, 90 దాటిన వయసులో, ఆయన బీబీసీ కోసం ఒక డాక్యుమెంటరీ చేశాడు. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంత్వానెత్ పేరు మీద 1783లో బ్రెగె అనే గడియారాల నిపుణుడికి ఒక జేబు గడియారం ఆర్డరిచ్చారు. అది పూర్తయింది 1827లో. అప్పటికి రాణి తల తెగి 34 ఏళ్లు, బ్రెగె పోయి నాలుగేళ్లు. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి జెరూసలేం మ్యూజియానికి చేరితే 1983లో ఒక దొంగ ఎత్తుకుపోయాడు, ఇరవై ఏళ్లు దాటాక దొరికింది. నిమిషాలతో బతికిన మనిషి, చేయించుకున్నవాళ్లూ చేసినవాడూ ఎవరూ చివరికి చూడని గడియారం వెనక పడ్డాడు. నాకెందుకో ఆయన చేసినవాటన్నిటిలో ఇదే మనసుకి పట్టుకుంది.

సరే, వెనక్కి. టీవీలో ఆయనకి పేరొచ్చింది ఆర్థర్ హేన్స్ అనే కమెడియన్ పక్కన. 1956 నుంచి దాదాపు పదేళ్లు. హేన్స్ చిరిగిన కోటు బిచ్చగాడో, మొండి కూలీవాడో అయితే, పార్సన్స్ ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి. వాడు అడ్డదిడ్డంగా మాట్లాడతాడు, ఈయన మర్యాదగా ఓర్చుకుంటాడు, ఓర్చుకుంటున్నకొద్దీ జనం నవ్వుతారు. ఈ పాత్రని అక్కడ స్ట్రెయిట్ మ్యాన్ అంటారు. మన బుర్రకథలో హాస్యగాడు ఒక మాట విసిరితే పక్కనున్నవాడు నిజంగానే ఏమీ తెలియనట్టు "అదేంటన్నా?" అని అడుగుతాడు చూడండి, ఆ పని. ఆ "అదేంటన్నా" సరైన క్షణంలో పడకపోతే హాస్యగాడు ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు. చప్పట్లు మాత్రం అటువైపే పోతాయి. పార్సన్స్ 1994లో ఆత్మకథ రాసుకుంటే దానికి పెట్టుకున్న పేరు 'ది స్ట్రెయిట్ మ్యాన్'. హీరోని అని చెప్పుకోలేదు, హాస్యనటుడిని అని కూడా చెప్పుకోలేదు. ఎదుటివాడికి అందించేవాణ్ని అని చెప్పుకున్నాడు.

'జస్ట్ ఎ మినిట్'లో కూడా ఆయన కుర్చీ అనుకోకుండా దక్కిందే. ఆటని నడిపే అధ్యక్షుడిగా మెసిటర్ అనుకున్నది జిమ్మీ ఎడ్వర్డ్స్ అనే మీసాల కమెడియన్‌ని. రికార్డింగ్ రోజున ఆయనకి ఖాళీ లేదు. పార్సన్స్ నిజానికి ఆడేవాళ్లలో ఒకడిగా కూర్చుందామనుకున్నాడు, ఈ ఒక్కసారికీ కుర్చీలో కూర్చోమన్నారు. పైలట్ ఎపిసోడ్ విని బీబీసీ పెద్దలు పెదవి విరిచారు. డేవిడ్ హాచ్ అనే కుర్ర ప్రొడ్యూసర్ పట్టుబట్టి గొడవపడితే ఒప్పుకున్నారు. 1967 డిసెంబర్ 22న రేడియో 4లో మొదటిది ప్రసారమైంది. ఆ స్టేషన్‌కే అప్పటికి మూడు నెలలు నిండలేదు. ఈ ఒక్కసారికీ అని కూర్చున్నవాడు 52 ఏళ్లు దాదాపుగా లేవలేదు. 900 పైచిలుకు ఎపిసోడ్లు. ఆయన లేకుండా మొదటిసారి రికార్డింగ్ జరిగింది 2018లో, అప్పటికి ఆయనకి 94.

ఆట ఎలా నడుస్తుందో చెప్తాను, మా ల్యాబ్‌తో పోల్చుకుంటూ వినండి. బల్ల దగ్గర నలుగురు. అధ్యక్షుడు విషయం ఇస్తాడు, ఒకరు మొదలుపెడతారు. మిగతా ముగ్గురి చేతి కింద బజర్లు. ఆగినా, మాట తిరిగొచ్చినా, విషయం తప్పినా ఎవరైనా నొక్కొచ్చు. అభ్యంతరం సరైనదైతే నొక్కినవాళ్లకి ఒక పాయింటు, మిగిలిన సమయం కూడా వాళ్లదే. తప్పయితే మాట్లాడుతున్నవాళ్లకే పాయింటు, వాళ్లే కొనసాగిస్తారు. 60 సెకన్లయ్యాక విజిల్ పడేసరికి ఎవరు మాట్లాడుతుంటే వాళ్లకి ఇంకో పాయింటు.

మేం ఏం చేశామంటే బజర్ తీసేశాం. చిన్న మార్పే అనిపిస్తుంది, ఆటంతా ఆ బజర్‌లోనే ఉంది. బజర్ ఉంటే పక్కవాడు ఏం మాట్లాడుతున్నాడో మాటమాటా వినాలి, వింటేనే ఏ మాట తిరిగొచ్చిందో పట్టుకోగలం. మా ల్యాబ్‌లో ఒకడు మాట్లాడుతుంటే మిగతా 29 మంది తమ వంతు గురించి వణుకుతూ ఉంటారు, ఒక్కడూ వినడు. రెండోది ఇంకా ముఖ్యం. రేడియో ఆటలో తడబడినవాడు బల్ల దగ్గరే ఉంటాడు. విషయం పోయింది, కానీ పది సెకన్ల తర్వాత బజర్ నొక్కి మళ్ళీ లాక్కోవచ్చు. తడబాటు అక్కడ ఆటని ఇంకొకరి చేతికి మారుస్తుంది, అంతే. మా దగ్గర తడబడినవాడు వెనక బెంచీకి వెళ్లి తల దించుకుంటాడు.

గడగడా మాట్లాడేవాళ్లే ఈ ఆటలో గెలుస్తారని మనకో నమ్మకం. పాత ఎపిసోడ్లు వినండి. కెనెత్ విలియమ్స్ ఒక్కో అచ్చుని రబ్బరులా సాగదీసి సాగదీసి మాట్లాడేవాడు, ఒక వాక్యం మీద పావు నిమిషం లాగించేవాడు. క్లెమెంట్ ఫ్రాయిడ్ నిదానంగా సామాన్ల జాబితా చదివేవాడు. కిరాణా కొట్టు చీటీలా. జాబితాలో మాట తిరిగి రాదు కదా! ఈ ఫ్రాయిడ్ గురించి ఆయన పోయాక బయటికొచ్చిన ఆరోపణలు చదివినప్పటి నుంచి ఆ గొంతు వస్తే నేను ముందుకు జరిపేస్తున్నాను, అది వేరే సంగతి. ఇక పీటర్ జోన్స్. ఆయన మాటే ఆలోచించుకుంటూ, నసుగుతూ, ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోతాడన్నట్టు ఉంటుంది. మా మార్కుల ప్రకారం ఆయనకి నాలుగు దాటవు. శ్రోతలు మాత్రం ఆయన కోసమే ఎదురుచూసేవాళ్లు. వేగంగా మాట్లాడేవాడి నోట్లోకే అన్న మాట ముందుగా తిరిగొస్తుంది. ఇది ఆట ఆడినవాళ్లందరికీ తెలుసు, ఆడించే మాకే తెలియలేదు.

వీళ్లందరి మధ్య పార్సన్స్ చేసే పని ఏమిటి? తీర్పు. ఊపిరి పీల్చుకోవడం తడబాటు కిందికి వస్తుందా? జనం నవ్వుతుంటే ఆగినవాడు ఆగినట్టేనా? తీర్పు ఎటు చెప్పినా రెండోవాడు మీద పడతాడు. విలియమ్స్ అయితే గ్రేట్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్ నుంచి ఇంత దూరం వచ్చింది ఇందుకా అని విరుచుకుపడేవాడు. ఆ వీధి బీబీసీ ఆఫీసుకి నాలుగడుగుల దూరం! ఈయన నొచ్చుకున్నట్టు గొంతు పెట్టేవాడు, దాంతో హాలు ఇంకా గొల్లుమనేది. ఎక్కువసార్లు ఆయన నోట వినిపించే మాట 'బెనిఫిట్ ఆఫ్ ద డౌట్'. క్రికెట్ పుణ్యమా అని మనకూ తెలిసిన మాటే. ఇప్పుడు నీకిచ్చాను, తర్వాత అతనికిస్తాను, లెక్క సరిపోతుంది అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు బిక్కచచ్చిపోతే వాళ్ల తడబాటు ఆయనకి కాస్త ఆలస్యంగా వినపడేది. చివర్లో పాయింట్లు చదివేటప్పుడు ఆఖరున మిగిలినవాణ్ని ఆయన పొగిడే తీరు వింటే నాలుగో స్థానం కూడా సంపాదించుకున్నదే అనిపిస్తుంది.

ఇది వింటూ నేను మళ్ళీ మళ్ళీ ఆలోచించింది ఒకటే. నత్తితో పెరిగినవాడు తడబాటు మీద అర్ధశతాబ్దం తీర్పులు చెప్పాడు. అందులో కసి లేదు. నేను అనుభవించాను కాబట్టి మీరూ అనుభవించండి అన్న ధోరణి అస్సలు లేదు. మన దగ్గర ఆ ధోరణి ఎంత ఉందో నన్నడగండి. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు రాక, హాస్టల్ మెట్ల మీద ఏడ్చి పైకొచ్చినదాన్ని నేను. నా చేతికి స్టాప్‌వాచ్ ఇస్తే 49 సెకన్లు ఆపకుండా కూర్చున్నాను.

ఆయన్ని దేవుణ్ని చేసే ఉద్దేశం నాకు లేదు. నటుడిగా గొప్పవాడేమీ కాడు, చాలా పాత్రల్లో ఆయన ఆయనలాగే ఉంటాడు. 1971 నుంచి 1983 దాకా బీబీసీకి పోటీ అయిన ఐటీవీలో, నార్విచ్ నుంచి 'సేల్ ఆఫ్ ద సెంచరీ' అనే క్విజ్ నడిపాడు. ప్రశ్నలకి జవాబు చెప్పి డబ్బు గెలుచుకుని, దాంతో ఖరీదైన వస్తువులు కారుచౌకగా కొనుక్కోవచ్చు. 1978 చివర్లో బీబీసీలో సమ్మె జరిగినప్పుడు 2 కోట్ల మందికి పైగా చూశారు. ఆ జిగురు నవ్వు, సామాన్లమ్మే గొంతు నాకు నచ్చవు. ఆయనకీ అది కలిసి రాలేదు, ఆ తర్వాత సీరియస్ పాత్రలిచ్చేవాళ్లు కరువయ్యారు. అందుకే 1989లో 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌లో విశ్వాసం కోల్పోయిన చర్చి ఫాదర్ వేషం వస్తే ప్రాణం పెట్టి చేశాడు. చూడండి, అందులో ఆ నవ్వు ఎక్కడా లేదు. ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. 'జస్ట్ ఎ మినిట్' చాలా ఏళ్లు మగవాళ్ల అడ్డా. ముగ్గురు పాతకాపులు, మధ్యలో ఒక ఆడమనిషి అతిథి. పార్సన్స్ ఆమెని అతి మర్యాదతో ముంచెత్తుతాడు, పాత ఎపిసోడ్లలో ఆ భాగాలు వింటుంటే పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. ఆయన పోయాక ఆ కుర్చీ స్యూ పెర్కిన్స్ అనే ఆవిడకి దక్కింది, బాగానే నడుపుతోంది.

అయితే తనని ఎగతాళి చేసినవాళ్ల పక్కనే నిలబడే గుణం ఆయనకుంది. 1980ల చివర్లో కుర్ర కమెడియన్లు ఒక టీవీ సినిమా తీశారు. అందులో ఇద్దరు తింగరివాళ్లకి పార్సన్స్‌ని 'టేక్ అవుట్' చెయ్యమని పని అప్పగిస్తారు. ఇంగ్లీషులో ఆ మాటకి భోజనానికి తీసుకెళ్లమనీ అర్థముంది, చంపెయ్యమనీ అర్థముంది. మన 'లేపెయ్' లాంటిదే అనుకోండి, పొద్దున్నే లేపెయ్ అంటే నిద్రలేపడమా, ఇంకోటా? ఆ పార్సన్స్‌గా పార్సన్సే వేశాడు. ఎదుటివాడి జోకుకి తాను సరుకవడం ఆయనకి చిన్నతనంగా అనిపించలేదు.

2012లో ఈ కార్యక్రమం 45వ ఏట పార్సన్స్ ముంబయి వచ్చాడు. అక్కడి కామెడీ స్టోర్‌లో రెండు ఎపిసోడ్లు రికార్డు చేశారు. అటు పాల్ మెర్టన్, మార్కస్ బ్రిగ్‌స్టాక్, ఇటు మనవాళ్లు సైరస్ బ్రోచా, అనువబ్ పాల్. ఎంచుకున్న దేశం ఊరికే ఎంచుకోలేదు. ఇంగ్లండ్‌లో అది రేడియోలో వినే ఆటైతే, కాలేజీల్లో తరతరాలుగా ఆడుతున్నది ఇక్కడే. 88 ఏళ్ల ముసలాయన ఇంత దూరం వచ్చాడు, అదే ఏడాది నేను చీటీల గిన్నె పట్టుకుని తిరుగుతున్నాను. నాకు తెలియనే తెలియదు.

మా డిపార్ట్‌మెంట్‌లో ఇవన్నీ చెప్తే ఒక సహోద్యోగి అన్న మాట కాదనలేనిది. "ఇంటర్వ్యూలో వాళ్లు బెనిఫిట్ ఆఫ్ ద డౌట్ ఇస్తారా మేడమ్? ఇక్కడ మనం ముద్దు చేస్తే అక్కడ వాళ్లు తన్ని పంపిస్తారు." నిజమే. ఉద్యోగం కావాలంటే నాలుగు ముక్కలు ఆగకుండా మాట్లాడాలి, అది నేర్పడం నా పని. నేనంటున్నది మేం అది నేర్పడం లేదని. నిలబెట్టి, టైమ్ చూసి, అంకె వేశాం. ఈత రానివాణ్ని బావిలోకి తోసి ఎంతసేపటికి మునిగాడో రాసుకోవడం ఈత నేర్పడం కిందికి వస్తుందా? పైగా మనది అవధానాలు పుట్టిన భాష. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుక్కీ అక్షరం అడ్డం పెడతాడు, అప్రస్తుత ప్రసంగి ఉన్నట్టుండి మీ ఊళ్లో వంకాయలెంత అని అడుగుతాడు. అవధాని చిక్కుకుని బయటపడుతుంటే సభంతా చప్పట్లు. ఆపేవాడికీ ఆడేవాడికీ మధ్య సరదా ఉంటేనే మాట పదునెక్కుతుందని మన పెద్దలకి ఏ రేడియో చెప్పకుండానే తెలుసు.

కాలేజీలు తెరిచాక మా ల్యాబ్‌లో బజర్ పెట్టాను. బజర్ అంటే ఆన్‌లైన్‌లో కొన్న నాలుగు కుక్కబొమ్మలు, నొక్కితే కీచుమంటాయి. మార్కులు పాల్గొన్నందుకే, గెలుపోటములకి లేవు. మొదటి వారం తెలుగులోనే ఆడించాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడే కార్పొరేట్ స్కూలు పిల్లలు తెలుగులో 20 సెకన్లు దాటలేకపోయారు. అందరినీ ముంచింది ఒకే మాట, "అంటే". ప్రతి వాక్యం ముందూ "అంటే", ప్రతిసారీ కుక్క కీచుమనడం. మూడో రోజుకి "అంటే" మానేసి "అదే" మొదలుపెట్టారు. తడబాటుకి భాష అడ్డం కాదని నేను ఎన్ని లెక్చర్లిచ్చినా ఎక్కనిది అలా ఎక్కింది. రెండో వారం ఇంగ్లీషులోకి మారితే, ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి మాట్లాడటం కంటే నొక్కడంలో పాయింట్లు కొట్టింది. ఇంగ్లీషు అంత శ్రద్ధగా ఎవరూ వినగా నేను చూడలేదు.

నాకు మాత్రం ఆ తెలుగు వారమే ఇష్టం. ఒకబ్బాయి 'వాన' గురించి మాట్లాడుతూ "గబగబా పరిగెత్తాం" అన్నాడు. కీచ్. "మేడమ్, గబ రెండుసార్లు వచ్చింది. రిపిటిషన్." క్లాసు రెండు ముక్కలైంది. అది రెండు మాటలు కాదు, ఒకే మాట అని ఒక వర్గం. అలాగైతే 'మెల్లమెల్లగా' సంగతేంటి, 'మెల్లగా' ఒక్కటీ మాటే కదా అని ఇంకో వర్గం. మరి 'చిన్న చిన్న చినుకులు'? దాన్ని విడదీసి రాస్తామా కలిపి రాస్తామా? ఎవరో ఫోన్‌లో వ్యాకరణం వెతకబోయారు, ఇంకెవరో ఆమ్రేడితం అన్నారు. ఇంటర్ తర్వాత ఆ మాట మా ల్యాబ్‌లో వినపడటం అదే మొదటిసారి. అందరూ నా మొహం చూశారు.

గబగబాకి ఇప్పుడు బెనిఫిట్ ఆఫ్ ద డౌట్ ఇస్తున్నాను, చిన్న చిన్న చినుకులు వచ్చినప్పుడు లెక్క సరిచేస్తాను అన్నాను. కుక్క నొక్కినవాడు ఒప్పుకోలేదు. తెలుగు డిపార్ట్‌మెంట్ లేని కాలేజీలో అప్పీలు ఎక్కడ చేసుకోవాలి అని అడిగాడు. వానబ్బాయి మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా, "మేడమ్, నాకింకా 31 సెకన్లున్నాయి" అన్నాడు.